కత్తి చూపించే వంటవాడు

చర్చి భోజనాలకు కొత్తగా వచ్చిన వంటవాడు కూరగాయలు తరుగుతుంటే, సంఘపెద్దగారి భార్య గుమ్మంలోంచి కదల్లేదు.

“కత్తి కడిగిన ప్రతిసారీ తెచ్చి నాకు చూపిస్తావేం?”

“అలవాటమ్మా. అక్కడ వార్డరుకు చూపించాలి.”

“అనుకున్నాను. జైలా?”

“తొమ్మిదేళ్లు. మూడొందల మందికి వండేవాణ్ణి. ఈ పని కోసమే దేవుడు నాకక్కడ గరిటె పట్టించాడని పాస్టరుగారన్నారు.”

“తెల్లనివన్నీ పాలే ఆయనకి. నాకు కాదు. ఏ జైలు?”

“ఊరి చివర పెద్ద జైలమ్మా.”

ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఇక పొమ్మంటుందనుకుని అతను నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పాడు.

“మావాడు దూరాన ఉద్యోగం చేస్తున్నాడని అందరికీ చెప్పాను,” అందామె గొంతు తగ్గించి. “నెల నుంచీ ఆ జైల్లోనే ఉన్నాడు. వాడికి ఆకలెక్కువ. ఇంకాస్త పెట్టమంటే పెడతారా నాయనా?”