మా ఇంట్ల టీవీ లేదట!

నేను దించ బిడ్డా. ఆ డిష్ గాలిదుమారానికి దించలే, వడగండ్ల వానకు దించలే. ఇయ్యాల ఎవరో కెమెరాలు పట్టుకొని వస్తున్నరని మిద్దెక్కి దించాల్నా? నాతోని కాదు.

నిలబడకు, కూసో. నీళ్లన్న తాగు. కోపం నీ మీద గాని నీళ్ల మీద లేదు.

వాళ్లేరి? హోటల్ కాడ టిఫిన్ చేస్తున్నరా? వాళ్లను ఆడ కూసోబెట్టి నువ్వు ముందుగాల ఉరికొచ్చినవు. ఎందుకొచ్చినవు? "బాపూ, ఒక్కపూటకు టీవీ లోపట పెడుదమా, మిద్దె మీది డిష్ దించుదమా" అనెతందుకు! అరె, హాలియాల ఎవర్నన్న అడుగు. కేబుల్ దశరథం అంటె తెల్వనోడు ఉన్నడా? సగం ఊరికి బొమ్మ వచ్చిందే నా వైరు మీద. గసుంటి నా ఇంట్ల టీవీ లేదట! నా ఒక్కగానొక్క బిడ్డ మనస్విని పక్కింటి కిటికీ కాడ నిలబడి కార్టూన్లు చూసిందట!

ఎవరో అంటె నవ్వుకుందును. నువ్వంటివి.

ఆ రోజు నేను స్తంభం మీద ఉన్న, తెలుసా? కింది నుంచి లచ్చయ్య ఒకటే పిలుసుడు. నాతోటి వైర్లు గుంజే మన లచ్చయ్యనే. "అన్నా, దిగు దిగు, మన మనస్విని ఫోన్ల వచ్చింది, ఇంటర్వ్యూ ఇస్తాంది!" అని. దిగిన. చేతులు అంగీకి తుడుసుకొని ఫోన్ పట్టుకున్న. నువ్వు సోఫాల కూసున్నవు, మంచిగ జడేసుకున్నవు. నీ కొలువు గురించి చెప్తున్నవు. బొమ్మల సినిమాలు తీసే కంపెనీల తప్పులు ఏరే పని అని. ఒక సీన్ల నెత్తి మీదున్న టోపీ ఇంకో సీన్ల మాయం గాకుండ చూసుడు నీ పని అని. నా ఛాతి గింత అయ్యింది. ఇగ ఆగలేకపోయిన. మొత్తం చూడకముందే కనెక్షన్లోళ్ల గ్రూపుల ఏసిన. "మా బిడ్డ, అందరు చూడుర్రి" అని రాసి మరీ ఏసిన!

ఊరందరికి నేనే పంపిన. ఇంకొకని మీద ఏడ్వ లేకుండ చేసుకున్న.

తర్వాత ఆ యాంకరమ్మ అడిగింది. "ఎవరికీ కనపడని తప్పులు నీకెట్ల కనపడతయి?" అని. నేను లచ్చయ్య దిక్కు చూసి నవ్విన. ఇగ ఇప్పుడు చెప్తది చూడు, మా బాపు నేర్పిండని చెప్తది, అన్నట్టు.

నువ్వు తలకాయ వంచుకొని ఏమంటివి? "మా ఇంట్లో టీవీ ఉండేది కాదండీ. ఆడపిల్లకి టీవీ ఎందుకు అనేవారు మా నాన్నగారు."

నాన్నగారట! నాకు జర సేపు అర్థమే కాలే బిడ్డా. ఎవరో వేరే మనిషి గురించి చెప్తున్నవనుకున్న. నీ నోట్లకెళ్లి ఏనాడన్న నాన్నగారు అని విన్ననా? బాపు అంటె ఆడ ఎవరికి తెల్వదా?

పక్కింటి బిక్షమ్మ కిటికీల నుంచి చూసేదానివట. బయటికి మాటలు వినపడకపోయేదట. ఉత్త బొమ్మనే చూసి చూసి తప్పులు దొరుకుడు మొదలైందట. యాంకరమ్మ కండ్లు తుడుసుకున్నది. లచ్చయ్య మాత్రం ఫోన్ గుంజుకొని జేబుల పెట్టుకొని, "వైరు చుట్టాలె అన్నా" అని పక్కకు పోయిండు. నా మొకం చూడలేక.

మాటలు వినపడకపోవుడు నిజమే. ఎందుకు వినపడలే? చెప్పు. నువ్వే చెప్పు.

వద్దులే. నేనే చెప్త. మీ అమ్మ దవాఖానల ఆయా. రాత్రంత డ్యూటీ చేసి వచ్చి పగటీలి పండుకుంటుండె. మనకేమో ఒక్కటే అర్ర. నడుమ చీర కట్టి పరదా చేసినం. నువ్వు అప్పుడు ఆరో తరగతి, మన తెలంగాణ వచ్చిన ఏడాది. బడి నుంచి రాంగనే టీవీ ముందర కూసుందువు. నేను పని కాడి నుంచి ఉరికొద్దును. సప్పుడు మొత్తం బంద్ చేసి చూస్తుంటిమి. అమ్మ లేవొద్దని. ఏదన్న తప్పు కనపడితే నోరు తెరువొద్దు, చేయి నొక్కాలె. అది మన కాయిదా. ఎవరు పెట్టిన్రు? నువ్వే పెట్టినవు.

గుర్తున్నదా, అంతరిక్షంల హోటల్ నడిపే ఆ బొమ్మలు? ఒంటికన్ను సేటు, ఇడ్లీగిన్నె తలకాయ మరమనిషి, నీలంరంగు పిల్ల. సప్పుడు లేదు గద, వాళ్ల మాటలన్ని నేనే నీ చెవుల గుసగుస చెప్తుంటి. సేటుకు మన మిల్లు సేటు గొంతు పెడితిని, మరమనిషికి లచ్చయ్య గొంతు. ఒకరోజు ఎవడో గిరాకి వచ్చి మరమనిషి కుడిచెయ్యి కొరుక్కొని తిన్నడు. మరమనిషి భుజం పట్టుకొని ఏడుస్తాండు. గిట్ల రెప్ప కొట్టేలోపు రెండు చేతుల తోని చాయ్ గిలాసలు తెస్తాండు! నువ్వు నా చేయి నొక్కినవు చూడు, గోర్లు దిగినయి.

ఇంకోరోజు సేటు టోపీ గాలికి ఎగిరిపాయె. "బాపూ, ఆడ గాలే ఉండదని మా సారు చెప్పిండు గద, టోపీ ఎట్ల ఎగిరింది?" అని చెవుల అడిగినవు. నాకేం తెలుసు? "పంకా పెట్టిన్రేమో" అన్న. నోట్ల చున్నీ కుక్కుకొని నవ్వితివి, కడుపు నొచ్చేదాంక.

నవ్వకు ఇప్పుడు. నేను కోపంల ఉన్న.

ఆ నీలంరంగు పిల్ల పెంచుకునే జంతువు సచ్చిపోయిననాడు నువ్వు ఎంత ఏడ్చినవు! ఏడుస్తు ఏడుస్తు ఒక్కపారి ఆగినవు. "బాపూ, నిన్నటి కథల కాలాన్ని వెనుకకు తిప్పే మిషిని వీళ్ల కాడనే ఉండె గద. పోయి తెచ్చుకోరాదా?" అంటివి. నేను బీరిపోయిన. నాకు తట్టలే బిడ్డా, ఒట్టు. చెయ్యి పోయింది, టోపీ ఎగిరింది, గివన్ని కండ్లకు కనపడే తప్పులు. కథల బొక్క పట్టుడు వేరే. అది నీకే తెలుసు. ఆ రోజు సంది నేను నీ వెనుక నడుస్తున్న.

మీ అమ్మ గూడ ఒకటి పట్టింది, యాది ఉన్నదా? మన నవ్వుకు లేచి, పరదా జరిపి, కొప్పు ముడేసుకుంట వచ్చి కూసున్నది. తిడతదనుకున్నం. తిట్టలే. జరసేపు చూసి, "సూది ఎడమచేతికి ఏసిండ్రు, దూది కుడిచేతికి పెట్టి ఒత్తుకుంటాండు, ఎవడు వీడు?" అన్నది. మనిద్దరికి కనపడలే అది! ఆమె పని అది గద. ఆ రోజు సప్పుడు పెట్టుకొని చూసినం. ముగ్గురం.

గామె గురించి ఏం చెప్పినవు నువ్వు? "మా అమ్మ భయంతో నోరు తెరిచేది కాదు" అని.

దవాఖానల నర్సమ్మలంత చూసిన్రట. ఒకామె అడిగిందట, "నిర్మలమ్మా, మీ ఆయన గసుంటోడా?" అని. మీ అమ్మ ఏం చెప్పిందంటవు? చెప్పు, ఏం చెప్పిందనుకుంటున్నవు?

"అప్పుడు గట్లనే ఉండె, ఇప్పుడు మారిండు" అన్నదట.

నీకోసం. నీ మాట అబద్ధం కావొద్దని. ఇంటికొచ్చి నాకు చెప్పి, తినకుండనే పోయి గోడదిక్కు తిరిగి పండుకున్నది. అగో, లోపలనే ఉన్నది. నిద్రపోతలేదు. వింటాంది. నువ్వు పోయి లేపకు ఇప్పుడు. నాతోటి అయిపోనియ్యి.

ఇంటర్వ్యూ కింద లచ్చయ్య రాసిండు. "ఈమె కేబుల్ దశరథన్న బిడ్డ, వీళ్లింట్ల టీవీ లేకపోవుడేంది" అని. నేను చూసిన, ఉండె. మర్నాడు చూస్తే లేదు. ఎవరు తీసిన్రు బిడ్డా?

ఆ. నువ్వే అడిగి తీపిచ్చినవు.

ఏడ్వకు. ఏడుస్తే నాకు అడిగేది అడుగబుద్ధి కాదు. ఎందుకట్ల చెప్పినవు? గదొక్కటి చెప్పు. నేనేం చెడగొట్టిన నీకు?

...ఏందీ? నిజమే చెప్పినవా ముందుగాల?

కొలువు కోసం పోయిన మొదటి కంపెనీల. అందరు పట్నం పిల్లలు, ఇంగ్లీషు దంచుతున్నరు. నీ కథ చెప్పు అన్నరు. నువ్వు మన పరదా గురించి చెప్పినవు. చేయి నొక్కుడు చెప్పినవు. బాపు గుసగుసలు చెప్పినవు. వాళ్లు?

తలెత్తి గూడ చూడలేదా?

"నైస్" అన్నరా. గంతేనా.

ఇంకో కంపెనీల కిటికీ అని నోట్లకెళ్లి వచ్చింది. అందరు కాయితాలు పక్కకు పెట్టి విన్నరు. కొలువు ఇచ్చిన్రు. ఇగ ఆడి నుంచి వెనుకకు తిరుగుడు కాలే. నువ్వు ఒకర్తిని నమ్మిచ్చినవు, ఆమె ఇంకొకర్ని నమ్మిచ్చింది. ఇయ్యాల కెమెరాలు హాలియా దాంక వచ్చినయి.

అంటె మన ఇంట్ల ఏడుపు లేదని కొలువు రాలేదన్నట్టు. మంచిగున్నది. నేను పెద్ద తప్పే చేసిన బిడ్డా, నిన్ను సుఖంగ సాదిన.

అర్థమయితాంది. కాదంటలేను. నీ కొలువు పోవాలని నాకున్నదా? ఆ కంపెనీలోళ్లకు అబద్ధమని తెలిస్తే ఊకుంటరా? ఎంతమంది నిన్ను చూసి, ఈ పిల్ల ఎట్ల పైకొచ్చింది అనుకుంటున్నరో. వాళ్ల ముందర నిన్ను దొంగను చెయ్యాల్నా నేను? చేస్తే నాకేమొస్తది?

కాని ఒకటి చెప్త విను. నీ కథల బొక్కలు ఉన్నయి.

గట్ల చూడకు. చూసిన సంది అవే కనపడుతున్నయి, ఏం చెయ్యను? అలవాటు చేసినవు.

బిక్షమ్మ కిటికీ కుదరదు. ఆమె టీవీ ఆ కిటికీ ఉన్న గోడకే ఆనిచ్చి ఉండె. వైరు గుంజింది నేనే, నాకు తెల్వదా? బయట నిలబడితే టీవీ ఈపు కనపడతది, బొమ్మ యాడ కనపడతది? వాళ్లు వచ్చి ఆ కిటికీ కాడ నిన్ను నిలబెట్టి లోపలికి కెమెరా తిప్పుతరు. దొరికిపోతవు. బిక్షమ్మ ఇల్లు అని నోరు జారిన అని చెప్పు. మన వెనుకింటి పెద్దులోళ్ల ఇల్లు చూపియ్యి. ఎదురుగోడకు ఉండె వాళ్ల టీవీ. వాళ్లు మిర్యాలగూడ పోయిన్రు, తాళం ఉన్నది, అడిగెతందుకు మనిషి గూడ లేడు.

ఇంకొకటి. ఇంటర్వ్యూల నీ చిన్ననాటి ఫొటో చూపిచ్చిన్రు. పుట్టినరోజుది, కొత్తబట్టలేసుకున్నది. దాంట్ల ఎడమ దిక్కు అంచుకు మన టీవీ మూల కనపడతాంది. చూస్కోలేదా? తప్పులు ఏరే కొలువు చేస్తవు, నీ ఫొటో నువ్వు చూస్కోలేదా! ఆ అంచు కత్తిరియ్యమను.

నా కేబుల్ పనంటవా? ఈ నడుమనే మొదలుపెట్టిన అని చెప్త. అప్పట్ల కరెంటోళ్ల కాడ స్తంభాలెక్కే కూలి అని చెప్త. ఊరోళ్లెవరు కెమెరా ముందటికి రారు, లచ్చయ్యకు నేను చెప్పుకుంట. ఇరవై ఏండ్లు గుంజిన వైర్లు, ఒక్కమాట తోని పోతయి. పోనీ. డిష్ గూడ దించుదం, నిచ్చెన పట్టు.

ఫోన్ మోగుతాందా? వాళ్లేనా? బయలుదేరిన్రా? రానియ్యి. మొకం కడుక్కో పో, ఏడ్చినట్టు కనపడితే వాళ్లకు పండుగ.

ఆగు. ఒక్కటి ఉన్నది ఇంక. ఇంతసేపు అడుగుదమని నోటిదాంక వచ్చి ఆగుతాంది.

ఇంటర్వ్యూ మళ్ల మళ్ల చూసిన గాని, ఒక కాడికి రాంగనే ఫోన్ బంద్ చేస్తుంటి. నిన్న గుండె రాయి చేసుకొని మొత్తం విన్న. కిటికీ కాడ దొరికితే నాన్నగారు బెల్టుతో కొట్టేవారు, అన్నవు.

నేను ప్యాంటుకు బెల్టు పెట్టుకున్నది ఏనాడన్న చూసినవా నువ్వు? నా కాడ ఉన్నదంత స్తంభానికి కట్టుకునే బెల్టు. దాన్ని ఎత్తుడే బరువు.

లేదు బిడ్డా, తిడతలేను. వాళ్లు వచ్చి నన్ను కూసోబెట్టి అడుగుతరు గద. ఎందుకు కొట్టినవని అడుగుతరు, ఏడ్వమని గూడ అడుగుతరేమో. ఏడుస్త, అదెంత పని. కాని ఇద్దరి మాట ఒక్కతీరుగ ఉండాలె. అందుకోసం అడుగుతున్న.

రోజూ కొట్టేటోడన్నవా, అప్పుడప్పుడన్నవా?