సాగనంపు బాణీ సముద్రం దాటిన వైనం

కొత్త టేపులో ఇంగ్లీషు గిటారు పాట మొదలైందో లేదో, లక్సెట్టిపేట బస్టాండు ఎదుట ఖయ్యూం హోటల్లో లక్ష్మీరాజం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పెళ్లి మేళంలో క్లారినెట్ ఊదే మనిషి.

"గీ బాణీ నాదే సారూ," అన్నాడు నాతో. చూపు మాత్రం నిర్మల్ బస్సు కోసం కూర్చున్న లచ్చయ్య మీద ఉంది. లచ్చయ్య అక్క సక్కుబాయిని నిర్మల్‌లో ఇచ్చారు. ఒకప్పుడు రాజం ఆమెను అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. ఆమె పెళ్లికి మేళం మాత్రం రాజం వాళ్లదే. మా ఊళ్లో ఇది దాచిన సంగతి కాదు.

"మన దిక్కు రివాజు ఎరికే కద సారూ, పెండ్లిపిల్ల బండి ఊరు దాటెదాక మేళం ఆగొద్దు. సక్కుబాయి అప్పగింతలప్పుడు నేనొక బాణీ ఎత్తుకున్న. చిన్నదే, రెండు మెలికలు. గంతే, ఎడ్లు కదలమని మొండికేసినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోదారి పారుడు బంజేసింది!"

"అరె, జర తగ్గించు భాయ్," అన్నాడు ఖయ్యూం.

"తగ్గించే చెప్తున్న! శ్రీరాంపూర్ బాయిల, భూమి లోపట బొగ్గు కొట్టెటోళ్లు తట్టలు పడేసి చెవులు రిక్కించిండ్రు. బొగ్గు రైలు డ్రైవరు గా బాణీని ఇంజను కూతల పెట్టి బొంబాయి దాక కూసుకుంట పోయిండు. ఆడ ఓడ అందుకున్నది. విలాయత్‌ల జుట్టు పెంచిన నలుగురు పోరగాండ్లు గిటార్లు పట్టుకొని, ఏం పాడాల్నో తోచక పరేషాన్ అయితుండిరి. ఓడ కూత విన్నరు, బోరున ఏడ్చిండ్రు, గీ పాట కట్టిండ్రు. ఇగ ఆడి దొరసానుల ఏడ్పుకు సముద్రం జానెడు పెరిగింది!"

"మరి టేపు డబ్బా మీద నీ ఫోటో ఏది?" అన్నాను నేను.

"ఏసిండ్రు. నాకే సిగ్గైంది, తీసెయ్యమన్న."

అందరం నవ్వాం. రాజం నవ్వలేదు. లచ్చయ్య దగ్గరికి జరిగాడు. "తమ్మీ, అక్కోళ్లింట్ల రేడియో ఉన్నది కద. గీ పాట వస్తే అక్కకు చెప్పు, గది ఆనాడు రాజం నీ కోసం ఊదిందేనని."

లచ్చయ్య సంచి భుజానికి వేసుకున్నాడు.

"ఎట్ల చెప్పాలె అన్నా? ఆనాడు నువ్వు ఊదలే. క్లారినెట్ నోట్ల పెట్టుకొని నిలవడ్డవ్, గంతే. ఊరు దాటెదాక వట్టి డోలు సప్పుడే. 'అందరి పెండ్లిళ్లకు ఊదిండు, నా బండి ముంగట ఎందుకు ఊదలే' అని అక్క నన్ను ఇప్పటికీ అడుగుతది."

రాజం గొంతు సవరించుకున్నాడు. ఇంకో కోత వస్తుందనుకున్నాం.

"ఇప్పటికీ అడుగుతదా?" అన్నాడు.