గుట్ట దిక్కు తిప్పి నిలబెట్టిన జీపు

ఏడికి బిడ్డా, గంత తయారై? ఎల్బీనగర్ చౌరస్తకా? పోయి ఏం జేస్తవ్, ఒక్క బస్సు కదుల్తలేదు. సకల జనుల సమ్మె అంటే ఊకనే అయితదా. మొన్న హయత్‌నగర్ డిపో కాడ చూసిన, బస్సులన్ని మడుగుల పండుకున్న బర్లోలె ఉన్నయ్. రా, ఇట్ల గుడి అరుగు మీద కూసో. ఆంజనేయస్వామి సన్నిధి, ఎండ గూడ తగలది. అరుణమ్మా, నువ్వు గూడ రా. గీ పిల్ల ఎవరో ఎరికేనా? మన శేఖర్ బిడ్డ, స్వప్న. నర్సు చదువు చదివింది. దేవరకొండ అవుతల తండాలల్ల సర్కారు నౌకరి వచ్చింది. కాయితం వచ్చి పది దినాలాయె, పోవాల్నా వద్దా అని ఇంట్ల రోజు పంచాయితీ. వాళ్లమ్మేమో 'దిల్‌సుఖ్‌నగర్‌ల గల్లీకొక దవాఖాన ఉండంగ అడివిల పడుడెందుకు' అంటది. అంటది మల్ల, తల్లి గద. నన్నడిగితె నేనేం చెప్త? నేను డాక్టర్ను గాదు, కంపౌండర్ను గాదు. ముప్పై అయిదేండ్లు సర్కారు దవాఖాన జీపు తోలిన, గంతే. కాని తండా నర్సు అనంగనే నాకు ఒక్కామెనే యాదికొస్తది. చెప్పాల్నా? ఆఁ, చెప్త. ఇనేటోళ్లుంటే నాకు నోరు ఆగదని మా ఇంటామె ఉన్నన్ని దినాలు తిట్టేది.

ఆమె పేరు శేషారత్నం. ఊరు బందరు దిక్కు. ముప్పై అయిదేండ్లుంటయేమో అప్పటికి. తెల్ల చీర, చేతిల నల్ల గొడుగు, మెడ బోసి, చేతులు బోసి. చిన్నతనంలనే మొగడు పోయిండట. పోయినంక నర్సు చదువుకు ఎవలు పంపిండ్రో నేనడగలే, ఆమె చెప్పలే. మాట మాత్రం ఖచ్చితం. 'భిక్షపతీ, బండి ఏడింటికి సిద్ధంగా ఉండాలి. ఏడూ అయిదు కాదు' అనేది. మన బండికేమో ముందట హ్యాండిల్ పెట్టి తిప్పితె గని పానం రాకపోతుండె. పొద్దుగాల్నే యాదగిరి నర్సింహస్వామికి దండం పెట్టి, మూడు తిప్పులు తిప్పి, నాలుగోది తిప్పితె దగ్గుకుంట లేస్తుండె. ఆ బండిని స్వామే నడిపిండు గని నేను గాదు. బురదల దిగబడితె చీర దోపుకొని ఆమె గూడ ఎనకకెళ్లి నూకేది. 'అమ్మా, మీరొద్దు' అంటే, 'నువ్వొక్కడివే తోస్తే రేపటికి కదుల్తుంది' అనేది.

అరవై తొమ్మిది అది. మీ నాయిన గూడ ఎరుగడు ఆ ముచ్చట్లు. ఇప్పటి సమ్మె సమ్మెనే, కాదన. అప్పుడేమో పోరలు బడులు ఇడిశిపెట్టి రోడ్ల మీదికొచ్చిండ్రు. మన కొల్వులు మనకే గావాలె, ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె అని గోడలన్ని రాతలు. నేను గూడ జై తెలంగాణ అన్నోన్నే. ఇప్పుడు గూడ అంట, అండ్ల తప్పేమున్నది. కాని పొద్దంత ఆంధ్రామెను కూసోబెట్టుకొని బండి తోలాలె, పొద్దుమీకి చాయ హోటల్ల దోస్తుల నడుమ కూసోవాలె. 'ఏం భిక్షపతన్నా, ఇయ్యాల అమ్మగారి గొడుగు నువ్వే పట్టినవా?' అని ఒకడు. 'గొడుగేంది, చెప్పులు గూడ మోస్తడు' అని ఇంకొకడు. హోటలాయన గోపయ్య అయితె నా చాయల చక్కెర తక్కువేసి, 'ఆంధ్ర తీపి మరిగినోనికి మన తీపి ఏమానుతది' అనేటోడు. నవ్వుతుంటి పైకి. లోపల కాలుతుండె. పైంగ నాది టెంపరవరీ కొల్వు. ఇరవై మూడేండ్లోన్ని, కొత్తగ లగ్గమైనోన్ని. ఎక్కడున్న నేను? ఆఁ, ఎండకాలం.

గా ఎండకాలమే దేవరకొండ రోడ్డు పొంటి ఊర్లల్ల తల్లి పోసుడు మొదలైంది. మశూచి. మేము ఆ పేరు నోటితోని అనకపోతుంటిమి, అమ్మ వచ్చింది అంటుంటిమి. పైకెళ్లి ఆర్డర్ వచ్చింది: ఒక్కల్ని ఇడువొద్దు, అందరికి ఎడమ జబ్బ మీద టీకా పడాలె, పరీక్షకొచ్చేటోళ్లు జబ్బ మీద మచ్చ చూసుకుంటరు. అప్పటి టీకా ఇప్పటి సూది గాదు బిడ్డా. పండ్లున్న చిన్న గుండ్రటి బిళ్ల. మందు చుక్క ఏసి, చర్మం మీద పెట్టి గిర్రున తిప్పుతరు. వారానికి పొంగితె మందు ఎక్కినట్టు. మేము గుట్టకింది తండాకు పోయినం. మొగోళ్లు ఏపిచ్చుకున్నరు, పిల్లలు ఏడ్సుకుంటనే ఏపిచ్చుకున్నరు. ఆడోళ్ల కాడికొచ్చేసరికి ఆగింది. లంబాడోళ్ల ఆడోళ్లకు అప్పట్ల మణికట్టు కాడికెళ్లి జబ్బ దాక తెల్ల గాజులు, సందు లేకుండ. మోచేతి పైన ఏసేటియి పెండ్లయినోళ్లకే. మొగడు పోయిన్నాడే తీసుడు, నడుమ తీసుడు లేదు. శేషారత్నమ్మకు ఎరుకలే. 'గాజులు తియ్యండమ్మా, రెండు నిమిషాల పని' అన్నది. నాయకుని భార్య హస్లీ అని ఉండె. మనిషి పొడుగు, మాట పదును. వచ్చి ఈమె రెండు చేతులు పట్టుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. 'నీ గాజులెవలు తీసిండ్రు?' అన్నది. ఇంకొకామె అయితె మొఖం మాడ్చుకొని బండెక్కుతుండె. ఈమె నిలబడి చెప్పింది, 'మా అత్తగారు తీయించింది. పదిహేడేళ్ళు నాకు.' 'నీకు సమ్మతేనా?' 'నన్నెవరడిగారు?' 'మరి నువ్వొచ్చి మా గాజులు తీయమంటున్నవ్' అన్నది హస్లీ. గంతే. తడికెలన్ని మూసుకున్నయ్.

బండెక్కినం. మూడు మైళ్లు పోయినంక 'భిక్షపతీ, వెనక్కి తిప్పు' అన్నది. తిప్పిన. హస్లీ ఇంట్లకు ఒక్కతే పోయింది. గంట సేపు కూసున్నరు ఇద్దరు. ఏం మాట్లాడుకున్నరో బండిల నాకు ఆమెనే చెప్పింది తర్వాత. మందుకు జబ్బే గావాల్నని ఏం లేదట, పిక్క మీద ఏసినా పని జేస్తదట. కాకపోతె మట్టికి పుండు చెడుతది, మల్ల మల్ల వచ్చి చూసుకోవాలె. హస్లీ ఒక మాట తీస్కున్నది. ఒక్క మొగోడు చూడొద్దు, ఆ మచ్చ సూపియ్యుమని ఎన్నడు అడగొద్దు. ఈమె చేతిల చెయ్యేసి ఒప్పుకున్నది. రెండు చీరలు అడ్డం కట్టిచ్చింది. నాతోని 'బండిని గుట్ట వైపు తిప్పి నిలబెట్టు. నువ్వూ అటే చూస్తూ కూర్చో' అన్నది. కూసున్న. ఎనక నవ్వులు, అబ్బా అనుడు, గజ్జెల సప్పుడు. మల్ల వారానికి పోయినం. అప్పుడు చూసిన బిడ్డా, బాయి కాడికి పోయే ఆడోళ్లు ఒకరి ఎనక ఒకరు కుంటుతుండ్రు, ఘాగ్రా అంచు కాలికి తాకకుండ చేత్తోని పట్టుకొని. ఈమె ఇంటింటికి పోయి పుండ్లు కడిగి, తెల్లగుడ్డ కట్టి వచ్చింది. నాలుగుసార్లు పోయినం గట్ల. నాలుగుసార్లు గుట్టనే చూసిన. ఆ గుట్ట మీద ఏ బండ ఏడున్నదో ఇప్పుడు గూడ చెప్త. ఆఖరుసారికి హస్లీ ఆమెను యాడీ అని పిలుస్తుండె. వాళ్ల భాషల అమ్మ అన్నట్టు. నలభై మంది ఆడోళ్ల పేర్లు రిజిస్టర్ల ఎక్కినయ్.

తర్వాత పరీక్షకు సాంబమూర్తి సారు వచ్చిండు. ఆయన గూడ ఆంధ్రాయననే, గోదారి దిక్కు. చెడ్డోడు గాదు, భయస్తుడు. తండాకు పోయి చూస్తె మొగోళ్ల జబ్బకు మచ్చలున్నయ్, పిల్లల జబ్బకున్నయ్, ఆడోళ్ల జబ్బకు గాజులున్నయ్. దవాఖాన వరండల కుర్చేసుకొని పిలిచిండు. బయట జులూస్ పోతున్నది, జై తెలంగాణ అని ఒకటే కేకలు. 'ఏవమ్మా, మందు పారబోసి పేర్లు రాశావా?' 'వేశాను సార్. పిక్కల మీద.' 'అయితే పద. ఒక్క అయిదుగుర్ని చూపించు, సంతకం పెట్టేస్తాను.' 'చూపించమని అడగనని మాటిచ్చాను సార్. మీరు లేడీ డాక్టర్ని పంపండి, నేనే వెళ్ళి ఒప్పిస్తాను.' 'ఈ బందులో లేడీ డాక్టర్ని ఎక్కణ్ణించి తేను? రిపోర్టు ఇవాళ వెళ్ళాలి. ఆ కేకలు వింటున్నావా? నిన్ను వదిలేస్తే, మా వాళ్ళని వెనకేసుకొచ్చానని రేపు నా మీద పడతారు. ఇలాంటివి రాస్తే ఉద్యోగం ఉండదమ్మా, తెలుసుగా?' కొసకు సారే అడిగిండు, 'పోనీ సాక్ష్యం ఎవరైనా ఉన్నారా?' 'భిక్షపతి వచ్చాడు సార్, నాతో' అన్నది.

సారు నా దిక్కు తిరిగిండు. వరండ అవుతల మా దోస్తులు నిలబడ్డరు. గోపయ్య గూడ ఉన్నడు, భుజం మీద తువ్వాలేసుకొని. 'ఏవయ్యా, ఈవిడ ఆడవాళ్ళకి టీకాలు వెయ్యడం కళ్ళారా చూశావా? చూస్తే చూశానను, లేకపోతే లేదను.' బిడ్డా, నేను అబద్ధం ఆడ. స్వామి ఎదురుంగ కూసొని చెప్తున్న, ఆ దినం గూడ ఆడలే. 'చూడలే సార్' అన్న. కుంటుకుంట నడుసుడు చూసిన గద. కట్లు చూసిన గద. నిండు సీసాలు పోయి ఖాళీయి వచ్చుడు చూసిన, పెట్టె మోసిందే నేను. కాని గవి ఆయన అడగలే. నేను చెప్పలే. శేషారత్నమ్మ ఏమన్నదో ఎరికేనా? 'నిజమే సార్, అతను చూడలేదు. చూడొద్దన్నది నేనే' అన్నది. కోపం లేదు, ఏం లేదు, గొడుగు తీసుకొని లోపలికి పోయింది. సారు రాసుకున్నడు. ఆ పొద్దుమీకి గోపయ్య చాయ మంచి తియ్యగ ఇచ్చిండు. ఆమె మూడో నాడు ధాన్యం లారీల కూసొని పోయిందట. నేను డ్యూటీల ఉంటి. ఆఁ... డ్యూటీ నేనే అడిగి ఏపిచ్చుకున్న, ఏం దాచుడు ఇప్పుడు. మల్ల ఆమె ఏడున్నదో, ఏ ఊర్ల కాలం జేసిందో నాకు తెల్వది.

రిజిస్టర్ల ఆ నలభై పేర్లు కొట్టేసిండ్రు. కొట్టేసినంక మల్ల ఏయాలె గద? రెండు నెలలకు కొత్త టీకాలాయన వచ్చిండు, ఎంబడి ఇద్దరు పోలీసోళ్లు. బండి నేనే తోలిన. మాకు యాడీ ఏసింది అని ఆడోళ్లు మొత్తుకున్నరు. 'కాయితంల లేదు' అన్నడు. హస్లీ ముందటికొచ్చి, అంతమంది మొగోళ్ల నడుమ, తనంతట తనే ఘాగ్రా అంచు జానెడు ఎత్తి పిక్క మీద మచ్చ సూపిచ్చింది. శేషారత్నమ్మ కొల్వు పోయినా అడగనిది. ఆయన వంగి చూడను గూడ చూడలే. 'ఆర్డర్ల జబ్బ అని ఉన్నది' అన్నడు. సబ్బు నీళ్లు పోసి గాజులు గుంజిండ్రు. రానియి రంపపు బ్లేడుతోని కోసిండ్రు. వాళ్ల మొగోళ్లు పానంతోని పక్కన్నే నిలబడ్డరు. గాజులున్న కాడ హస్లీ చర్మం పసిపిల్ల చర్మమోలె ఉండె. నన్ను చూసి, 'యాడీ ఏది?' అన్నది. 'బదిలైంది' అన్న. అదొక్కటి అబద్ధమే, ఒప్పుకుంట.

కాని తల్లి ఉన్నది బిడ్డా, ఊకెనే పోదు. వారానికి పోయి చూస్తె ఒక్క జబ్బ పొంగలే! నలభై మందిల ఒక్కటంటే ఒక్కటి. టీకాలాయన సీసా ఎత్తి పట్టి చూసి, మందు ఎండకు ఖరాబైంది అని రాసుకున్నడు. గదే పెట్టెల మందు పక్క తండాల మంచిగ పొంగింది మల్ల! మా శీత్లా తల్లి ఒద్దన్నది అన్నరు హస్లీ వాళ్లు. నేను గూడ గదే నమ్మిన. ఎన్ని భజనలల్ల చెప్పిన ఈ ముచ్చట, మన కొత్తపేటల, వనస్థలిపురంల, ఇనేటోళ్లు చేతులెత్తి మొక్కేటోళ్లు... ఏంది బిడ్డా? మహిమ గాదా? మల్లేంది? ... మల్లొక్కసారి చెప్పు, నిమ్మలంగ చెప్పు. ... ముందుగాల మంచిగ ఎక్కినోళ్లకు, ఎంటనే మల్ల ఏస్తె పొంగదా? ... మీ పుస్తకాల్ల ఉన్నదా అది? అప్పట్ల గూడ ఎరికేనా, అందరికి? ... అంటే ఆమె ఏసినట్టు ఆ జబ్బలే చెప్పినయన్నట్టు. నలభై జబ్బలు. సాంబమూర్తి సారుకు సమజైతుండె, చెప్పేటోడు ఉంటే. ఆయన ఆ నెలంత దేవరకొండ బంగ్లలనే ఉన్నడు. నేను పక్కపొంటి నిలబడి ఒక్కొక్క జబ్బ చూసిన, ఇంత దగ్గరికెల్లి...

అరుణమ్మా, పాల వ్యాను హారన్ కొట్టినట్టున్నది, ఇనవడ్తలేదా? పో, పోయి లైన్ల నిలబడు. మల్ల అయిపోతయ్.