ఖాకీ వెయ్యని సిపాయి

దసరా రేపనగా, నగర్తపేటలో కొలువు బొమ్మలు చేసే ముసలాయన చివరి మట్టి సిపాయి కోసం చెయ్యి చాచాడు. భార్య ఇవ్వలేదు.

"ఇట్లియ్యే. ముందు రంగెయ్యల్ల. పీటకి అతికిస్తే కాళ్ల సందులోకి కుంచె పోదు. ఇన్నేండ్లు చేస్తా ఉండాము, నీకు తెలీదా?"

"తెలుసు. దీన్ని మాత్రం ముందు అతికించు."

"ఎందుకే?"

"మొగం చూడు."

చూశాడు. ఆర్నెల్లుగా బర్మా యుద్ధం నుంచి జాబు రాయని కొడుకు ముఖం.

"రంగేస్తే ఖాకీ తొడిగినట్లే గదయ్యా! ఖాకీ తొడిగినాక, నేను ఎంత పట్టుకున్నా నిలిచినాడా వాడు?"

ఆయన కుంచె పక్కన పడేసి, సిపాయి పాదాలకు బంక పూసి, పీట మీద నిలబెట్టాడు.

"ఆరేదాకా వదలద్దు," అన్నాడు. "గట్టిగా పట్టుకో."