పేరుంటే చాలు

జ్వరం చూసే థర్మామీటర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. ప్యాకింగ్ గది. భోజనాల వేళ.

"ఆ కుర్చీ కాలు ఊగుతోంది, దాని జోలికెళ్ళకు. అదిగో, ఆ పెట్టెల మీద కూర్చో."

"కూర్చోడానికి రాలేదు పిన్నీ."

"నిలబడి చెప్పే మాటయితే నాకు తెలుసులే. రేపటితో నా పని ఆఖరు. నిన్న సాయంత్రమే కాగితం చేతికిచ్చారు. కింద నీ సంతకం కూడా ఉంది. బాగుంది. చిన్నప్పుడు కోడిగీతలు గీసేవాడివి, ఇప్పుడు గుండ్రంగా పెడుతున్నావు."

"పిన్నీ..."

"కూర్చోమన్నానా!"

"కూర్చున్నా. అది నేను రాసింది కాదు. అంటే, రాసింది నేనే. పోయిన వారం ఓనరు గారు వివరాలడిగారు, రాసిచ్చా."

"ఏమని రాశావు? కళ్ళజోడు లేక సరిగ్గా చదవలేదు."

"చదివే ఉంటావు."

"నీ నోటితో చెప్పు, విందాం."

"కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో, చేత్తో పరీక్షించే ఈ బల్ల దగ్గర ఒక్క పాడు పీసు కూడా దొరకలేదు. పైగా చూసే ఆవిడ చేతులు వణుకుతున్నాయి, పీసులు పగులుతున్నాయి. కాబట్టి ఈ బల్ల అక్కర్లేదు. అని."

"'చూసే ఆవిడ'నా?"

"ఆఫీసు కాగితంలో మా పిన్ని అని రాస్తానా!"

"రాయకులే. నిన్నిక్కడ పెట్టించినప్పుడు మాత్రం నేను మా అక్క కొడుకనే చెప్పాను. భోంచేశావా?"

"సయించడం లేదు. పిన్నీ, ఒకటడుగుతా, నిజం చెప్పాలి. మూడేళ్ళలో బయటి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఎందుకని?"

"నీ ప్రోగ్రాం అంత గొప్పది కనక. షీల్డు కూడా ఇచ్చారుగా."

"ఆ ప్రోగ్రాం మూడేళ్ళలో ఒక్క రోజు కూడా నడవలేదు."

"ఏంటీ?"

"నడవలేదు. ఒక్కటంటే ఒక్క రోజు కూడా. ఇవాళ పొద్దున తెలిసింది."

"అదేంట్రా? రోజూ ట్రే మీద 'సరే' అని చీటీ అంటించి మరీ పంపిస్తున్నావు!"

"ఆ 'సరే' అన్నది నాది కాదు. నేను నా ప్రోగ్రాంకి 'టెస్ట్' అని పేరు పెట్టాను. కంప్యూటర్లో మనం టైపు చేసిన ఆజ్ఞలు అందుకోడానికి షెల్ అని ఒకటుంటుంది. దానికి పుట్టుకతో వచ్చిన ఆజ్ఞలు కొన్నున్నాయి. అందులో ఒకదాని పేరు కూడా టెస్టే."

"ఉంటే?"

"ఏ పేరు పిలిచినా అది ముందు తన లోపలే చూసుకుంటుంది. అక్కడ దొరికిందా, ఇక గడప దాటదు. బయట నా ప్రోగ్రాం ఒకటి ఏడుస్తోందని కూడా దానికి పట్టదు."

"ఓహో, మా ఇంట్లో బుజ్జి సంగతి."

"ఏ బుజ్జి?"

"మా మరిది. పక్క సందులో ఎలక్ట్రీషియన్నీ బుజ్జి అనే పిలుస్తాం. ఫ్యాను ఆగిపోయిందనుకో, నేను వంటింట్లోంచి 'బుజ్జీ, కాస్త ఫ్యాను సంగతి చూడు' అని కేకేస్తాను. మా మరిది మంచం మీంచే 'సరే వదినా' అంటాడు. లేవడు. ఆ ఎలక్ట్రీషియనుకి నేను పిలిచానన్న సంగతే తెలీదు."

"అచ్చం అంతే. మరి నువ్వేం చేస్తావు?"

"సందులోకెళ్ళి వాడి తలుపే కొడతాను."

"నేనా పని చెయ్యలేదు. ప్రోగ్రాం రాసిన రోజున దాని అడ్రసుతో సహా పిలిచాను, బ్రహ్మాండంగా నడిచింది. రోజూ నడవాల్సిన చోట మాత్రం ఉత్త పేరు రాసి ఊరుకున్నాను. ఇవాళ కొత్త కంప్యూటర్ పెడుతూ అడ్రసు మొత్తం రాశాను. పొద్దుటి ట్రేలో మూడు పీసులు పాడని చెప్పింది. మూడేళ్ళలో మొదటిసారి!"

"మరి ఆ లోపలిది ఏం చూసి సరే అనేది?"

"దాని చేతికి ఒక్క మాట ఇస్తే, అది ఖాళీ మాట కాకపోతే చాలు, సరే అంటుంది. నేను ట్రేలోని పీసుల కొలతలున్న ఫైలు పేరు ఇచ్చేవాణ్ణి. అది ఫైలు తెరవనే తెరవదు. పేరుందా? ఉంది. సరే."

"మన హాజరు మేస్త్రిలాగే. పుస్తకంలో పేరుంటే చాలు, మనిషొచ్చిందా అని తలెత్తి చూడడు. దీనికేనా నీకు షీల్డిచ్చింది?"

"నవ్వకు పిన్నీ."

"నవ్వట్లేదురా. దగ్గొచ్చింది."

"పాత ఫైళ్ళన్నీ ఇప్పుడు సరిగ్గా నడిపించి చూశాను. ట్రేకి రెండో మూడో పాడు పీసులున్నాయి. నూటమూడు జ్వరమున్నా తొంభై ఎనిమిదే చూపించే రకం. అవన్నీ బయటికెళ్ళుంటే ఈపాటికి గోల గోల అయ్యుండాలి. అవలేదు. ఎందుకు?"

"నాకేం తెలుసు? కంప్యూటరూ గింప్యూటరూ."

"నీ జేబులో ఏంటది?"

"ఏమీ లేదు."

"చప్పుడైంది."

"తాళాలు."

"తాళాల చప్పుడు నాకు తెలీదా?"

"అబ్బ, వదలవు కదా! ఇదిగో, మూడు. పొద్దుటి ట్రేలోవే. వేడినీళ్ళ తొట్టిలో పెడితే మిగతావన్నీ ఒక్కలాగే చూపించాయి. ఇవి మూడూ మూతి ముడుచుకు కూర్చున్నాయి."

"వెనక నంబర్లు చదువు, ప్రోగ్రాం పాడని చెప్పిన జాబితాలో చూస్తా. చివరి అంకెలు చాలు."

"నాలుగు వందల పన్నెండు."

"ఉంది."

"నాలుగు వందల ముప్ఫై."

"ఉంది."

"నాలుగు వందల డెబ్భై ఏడు."

"ఉంది... పిన్నీ, నువ్వు రోజూ పరీక్షిస్తూనే ఉన్నావా?"

"మరి ఈ తొట్టి దేనికనుకున్నావు, కాళ్ళు కడుక్కోడానికా?"

"రిజిస్టర్లో రోజూ సున్నా రాశావు! ప్రోగ్రాం రాకముందు రెండో మూడో రాసేదానివి."

"ఏం రాయమంటావు? ప్రోగ్రాం మొదలైన రోజే, నువ్వు షీల్డు పట్టుకుని ఫొటో దిగిన రోజున, ట్రేలో నాలుగు దొరికాయి. మీ అమ్మ ఆ ఫొటో వీధంతా తిప్పుతోంది. నేను నాలుగని రాస్తే నీ ఉద్యోగం అక్కడితో సరి. అందుకని సున్నా రాశాను. మర్నాడూ సున్నా. ఒకసారి మొదలెట్టాక ఏ రోజున ఆపను?"

"మూడు తీసేస్తే ట్రేలో మూడు తగ్గాలి కదా?"

"పగిలితే వాడమని ట్రేకి అయిదు అదనంగా ఇస్తారుగా. నా చేతిలోంచి జారి పగిలాయని చెప్పేదాన్ని."

"అందుకనా, చేతులు వణుకుతున్నాయని..."

"నువ్వే రాశావుగా. ఏదీ, చూడు. వణుకుతున్నాయా?"

"లేదు. నాకు సిగ్గుగా ఉంది పిన్నీ."

"ఉండనీ కాసేపు, మంచిదే. తర్వాత ఓనరు గారి దగ్గరికెళ్ళి ప్రోగ్రాం ఇంకా బాగుచేశానని చెప్పు. పాత సంగతి ఎత్తకు. నేనెలాగూ పోయేదాన్నే. నువ్వన్నా ఉండు."

"ఎత్తేశాను. ఇక్కడికి రాకముందే. ప్రోగ్రాం నడవలేదు, తప్పు నాదే, పిన్నిని ఆపండి అన్నాను."

"ఓరి పిచ్చి సన్నాసీ! ఏమన్నారు?"

"'మూడేళ్ళుగా ప్రోగ్రాం నడవలేదు. బల్ల దగ్గరా సున్నాయే. అయినా ఒక్క ఫిర్యాదు లేదు. అంటే మన సరుక్కి అసలు పరీక్షే అక్కర్లేదన్నమాట' అన్నారు. నువ్వూ వద్దు, నేనూ వద్దు. ఎల్లుండి నుంచి ట్రేలు తిన్నగా లారీలోకే."

"చంటిపిల్లలకి పెట్టేవిరా అవి! వొళ్ళు కాలిపోతున్నా ఏం లేదంటుంది, తల్లి నమ్మి పడుకోబెడుతుంది!"

"అదే చెప్పాను. రుజువేదీ అన్నారు. ఈ మూడూ పట్టుకెళ్తే చాలదు, మేమే పాడుచేశామంటారు. మూడేళ్ళుగా నువ్వు తీసేసినవన్నీ ఉండుంటే, నంబరు నంబరుకీ నా జాబితాతో కలిపి ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఎక్కడ పారేశావు?"

"ఎలా పారేస్తాను? చెత్తలో వేస్తే ఎవరో ఏరుకుపోయి అమ్ముతారు, మళ్ళీ ఏ బిడ్డకో పెడతారు."

"మరేం చేశావు?"

"ముందు లే."

"చెప్పు పిన్నీ, భోజనాల గంట అయిపోతోంది..."

"లేవరా! మూడేళ్ళ నా సున్నాలన్నీ నువ్వు కూర్చున్న ఆ పెట్టెల్లోనే ఉన్నాయి."