పరదాకి ఇవతల

(ఆపరేషన్ గది. బల్ల మీద రెండు రోజుల పసిగుడ్డు. పరదాకి ఇవతల, బిడ్డ తల దగ్గర, మత్తు డాక్టరమ్మ. అవతల, కోతపెట్టిన పెద్ద డాక్టరు, పక్కన సిస్టరు.)

“కదులుతున్నాడు! అదిగో, మళ్లీ! ఒళ్లు సడలే మందు ఇవ్వవేం?”

“ఇప్పుడివ్వను సార్.”

“ఇవ్వవా?”

“కదలడం కాదు సార్, ఊపిరి తీస్తున్నాడు. ఆ మందు పడితే ఆ ఊపిరీ ఆగిపోతుంది. ఇక నేనే బుడగ నొక్కి గాలి పంపాలి.”

“నొక్కు! ఇంకెందుకున్నావిక్కడ? బుడగ పిసకడానికేగా నీకు జీతం!”

“వీడి అన్నవాహిక గాలిగొట్టానికి అతుక్కుని ఉంది కదా సార్, మధ్యలో రంధ్రం. నేను నొక్కిన గాలి అందులోంచి పొట్టలోకి పోతుంది. పొట్ట డోలులా ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తే...”

“నాకు పాఠం! విన్నావా సిస్టర్? గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట.”

“మీరు ఆ రంధ్రం కట్టెయ్యండి. కట్టిన మరుక్షణం ఇస్తాను.”

“భయం నీకు. అంతే.”

“అవును సార్, భయమే.”

“ఒప్పేసుకుంది! భయముంటే ఇంట్లో కూర్చుని కూరలు తరుక్కో. పోయినేడు ఇలాంటి బిడ్డకే, ‘మందు’ అన్నానో లేదో, పడింది. ఎదురుమాట లేదు. అదీ పనితనమంటే!”

“ఆ బిడ్డ ఏమయ్యాడు సార్?”

“సిస్టర్, లైటు ఇటు తిప్పు.”

“ఏమయ్యాడు సార్?”

“బలంలేని బిడ్డ. పుట్టుకే అంతంత మాత్రం. దారం! దారం ఇవ్వు సిస్టర్, నా మొహం చూస్తావేం?”

“సార్, ఆక్సిజన్ తగ్గుతోంది. ఊపిరితిత్తి మీంచి చెయ్యి తియ్యండి.”

“తీశా!”

“ఆఁ... పెరుగుతోంది. ఇప్పుడు కానివ్వండి.”

“కట్టా. చాలా? సంతోషమేనా మహాతల్లీ?”

“ఇంకో ముడి వెయ్యండి సార్.”

“నాకు ముడి వెయ్యడం కూడా నేర్పు! వేశా.”

“ఇచ్చాను. ఇక కదలడు. ఛాతీ చక్కగా లేస్తోంది. పొట్ట మెత్తగానే ఉంది.”

“చూడు, చెక్కబొమ్మలా ఎలా పడున్నాడో! ఇదే అరగంట కింద ఇస్తే నీ సొమ్మేం పోయేది? పోయినేడు ఇచ్చిన ఆ మత్తు డాక్టర్ని చూసి నేర్చుకో పో.”

“ఎవరు సార్ ఆ డాక్టరు?”

“ఎవరో! మూతికి గుడ్డ, మధ్యలో పరదా. మీ మొహాలు చూస్తూ కూర్చుంటామా ఏంటి?”

“నేనే సార్. మీరు అడగ్గానే ఇచ్చాను.”