చప్పుడు లేని ఇల్లు

నెదర్‌కోంబ్ ఊరి చివర ఒకే కప్పు కింద, ఒకే గోడ పంచుకుని, రెండు రాతి ఇళ్ళున్నాయి. అందులో ఎడమది అమ్మకానికి పెట్టి రెండేళ్ళయింది. ఈ శనివారం పొద్దున్నే బెరిల్ ఓవెన్‌లో రొట్టె పెట్టింది, తినడానికి కాదు, కొనడానికొచ్చేవాళ్ళ ముక్కుకి కమ్మటి వాసన తగలడం కోసం. కొనడానికొచ్చినావిడ మేడమీది వెనకగదిలో నిలబడి ఉంది.

"కారు ఎక్కడో చర్చి దగ్గర పెట్టి వానలో నడిచొచ్చారేమిటమ్మా? మా గుమ్మం ముందు బోలెడు చోటుందిగా!"

"ఊరు చూసినట్టుంటుందని, బెరిల్ గారూ."

"చూడ్డానికేముంది నా తల్లీ, తలకాయ ఇటు తిప్పేలోపు అయిపోతుంది ఊరు. ఓ చర్చి, ఓ పబ్బు. కొట్టు మూసేశారు. బస్సు మంగళవారం వస్తుంది, శుక్రవారం వస్తే మన అదృష్టం. కానీ ప్రశాంతత అంటారా... అదిగో, వినండి."

"ఏం వినమంటారు?"

"అదే! ఏమీ లేదు కదా. ఎంత పోస్తే దొరుకుతుంది పట్నంలో ఇది?"

"ఈ బీరువా ఇలా గోడకి ఆనించి పెట్టారేం? కిటికీ సగం మూసుకుపోయింది."

"అదా... ఎప్పటినుంచో అక్కడే ఉంది."

"ఎప్పటినుంచో కాదులెండి. నేలమీద ఈడ్చిన గీతలు కొత్తగా ఉన్నాయి."

"అబ్బో, మీ కళ్ళు చురుకే! పోయిన చలికాలం జరిపాం. ఈ వైపు గోడ మహా చల్లన."

"వెనకాల ఇన్ని దుప్పట్లు కుక్కారు..."

"చలి అన్నానుగా అమ్మా. రండి, కిందికెళ్దాం, టీ చల్లారిపోతుంది. తోట కూడా చూద్దురుగాని. ఆపిల్ చెట్టు ఈ ఏడు విరగకాసింది."

"గోడకి అవతల ఏముంది?"

"పక్కింటి గది."

"ఎవరుంటారు?"

"డెరెక్ అని. ఒక్కడే. మంచివాడు. మన జోలికి రాడు, మనం అతని జోలికి వెళ్ళం. మంచు పడినప్పుడు మా మెట్లు కూడా తనే ఊడ్చాడు, అడక్కుండానే."

"ఒక్కడేనా?"

"తల్లి ఉండేదిలెండి. ఏదో వృద్ధాశ్రమంలో... అనుకుంటాను."

"వెళ్ళడం చూశారా?"

"చూడ్డమంటే... ఒకరింట్లోకి తొంగి చూస్తామా ఏమిటమ్మా? ఎవరి కొంప వాళ్ళది. క్రిస్మస్‌కి ఓ కార్డు పడేస్తాం, అంతవరకే."

"ఆవిడ కనపడి ఎన్నాళ్ళయింది?"

"మీరు ఇల్లు కొనడానికొచ్చారా, జనాభా లెక్కలకొచ్చారా!"

"ఊరికే అడిగాను, ఏమనుకోకండి. ఇల్లయితే బాగుచేసుకోవచ్చు, పక్కింటివాళ్ళని బాగుచేసుకోలేంగా."

"అదీ నిజమే. నేనే కాస్త కంగారుగా ఉన్నాను. మా నార్మన్‌కి పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఈ మెట్లెక్కలేడు. ముందుగదిలో కుర్చీలోనే కూర్చోవడం, కుర్చీలోనే పడుకోవడం. పట్నంలో ఆసుపత్రి పక్కనే మెట్లులేని చిన్న ఇల్లు చూసుకున్నాం. ఇది అమ్ముడుపోతేనే అది. ఇంతకుముందు ఇద్దరొచ్చారు, ఇద్దరూ మాటిచ్చారు, ఇద్దరూ సంతకం దాకా వచ్చి జారుకున్నారు. మీరూ వెళ్ళిపోతే నా మొగుడు ఆ కుర్చీలోనే పోతాడు. ఉన్నమాట చెప్తున్నాను."

"పక్కింటితో ఎప్పుడన్నా గొడవలు, ఫిర్యాదులు? ఉంటే అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి రాసిచ్చి తీరాలటగా, చట్టప్రకారం."

"ఒక్కటీ లేదు! పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి లేదు. రాసిస్తాం, కావాలంటే ఒట్టేస్తాం."

"పోలీసులు గానీ ఎప్పుడైనా..."

"పోలీసులా! ఈ ఊళ్ళో పోలీసుని చూడాలంటే టీవీలోనే చూడాలి."

"మరి చప్పుళ్ళు? ఉమ్మడి గోడ కదా."

"గోడలకి చెవులుంటాయంటారు గానీ, మా గోడకి చెవుల్లేవమ్మా, నోరూ లేదు. మూరన్నర మందాన రాయి."

"తట్టి చూడనా?"

"తట్టడమెందుకు, కళ్ళకి కనిపిస్తోందిగా గట్టి గోడని."

"ఒక్కసారి. బీరువా ఇటుపక్కన ఖాళీ ఉంది. ఇదిగో, ఇలా. టక్... టక్... టకటక."

"వద్దు."

"టక్... టక్... టకటక."

"వద్దంటున్నానా! చెయ్యి తియ్యండి! అలా తట్టకండి!"

"ఎలా?"

"బెరిల్! ఓ బెరిల్! కిందకి వినపడుతోంది, విన్నావా? మళ్ళీ తడుతోందే! హమ్మయ్య, పక్కింటి ముసలావిడ బతికే ఉంది!"

"నార్మన్, నోరు మూసుకో! కొనడానికొచ్చినావిడ ఉన్నారు!"

"నిన్నంతా లేదు, మొన్న రాత్రీ లేదు, నేను చచ్చిపోయిందనే అనుకున్నానే!"

"ఆయనకి... పక్షవాతం వచ్చాక అప్పుడప్పుడూ మాట తూలుతుందమ్మా. పట్టించుకోకండి. రండి, టీ..."

"తట్టింది ఆవిడ కాదని ఆయనకి చెప్పండి, బెరిల్ గారూ. నేనని చెప్పండి."

"మీకెలా తెలుసు... ఆ తట్టు?"

"మేం మేడమీద ఆడుకుంటుంటే అన్నానికి రమ్మని మా అమ్మ కిందనుంచి గరిటతో మెట్ల కమ్మీ మీద అలా కొట్టేది. రెండు నింపాదిగా, రెండు గబగబా. పేర్లు పెట్టి పిలిచేది కాదు. నన్నూ, మా అన్నయ్యనీ."

"మీ అన్నయ్య..."

"డెరెక్."

"మీ పేరు ఫెన్విక్ అన్నారు ఇళ్ళ ఏజెంటు!"

"మా ఆయన ఇంటిపేరు అది. నా పేరు జూడిత్. దూరాన ఉంటాను, ఎప్పుడో గానీ వచ్చేదాన్ని కాదు, మీరు నన్ను చూసి ఉండరు."

"అయ్యో దేవుడా."

కింద, ముందుగదిలో, నార్మన్ కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. జూడిత్ ముందూ బెరిల్ వెనకా దిగొచ్చారు.

"ఏడాది దాటింది అన్నయ్య నన్ను ఆ గడప తొక్కనిచ్చి. ఫోన్ చేస్తే అమ్మ నిద్రపోతోందంటాడు. ఎప్పుడు చేసినా నిద్రే. అమ్మకి నడుం పడిపోయింది, ఆశ్రమంలో చేర్చాలి. చేరిస్తే ఆ ఖర్చులకి ఇల్లు అమ్మాలి. ఇల్లు పోతుందని అమ్మని దాచాడు. పోలీసులకి చెప్పుకున్నాను."

"ఆ పోలీసు కుర్రాడొచ్చాడమ్మా, వసంతంలో. నేనీ కుర్చీలోనే ఉన్నాను."

"నార్మన్!"

"ఉన్నాను కదే! ఇక్కడే కూచుని టీ తాగాడు, నువ్వు చెప్పిందే రాసుకున్నాడు."

"అవును. అమ్మని పక్కన కూచోబెట్టుకుని బాగానే ఉన్నానని చెప్పించాడట అన్నయ్య. పోలీసు నాతో అన్నాడు, 'పక్కింటివాళ్ళని కూడా అడిగామండీ, ఏ చప్పుడూ వినలేదన్నారు, వాళ్ళు ఒక్క మాట అన్నా ఏదైనా చేసేవాళ్ళం' అని. పక్కింటివాళ్ళంటే ఎవరు, బెరిల్ గారూ?"

"నేను..."

"అందుకే ఇల్లు చూస్తానని వచ్చాను. నా చెవులతో వినాలని. నాకు ఇల్లొద్దు."

"ఫోన్ తెచ్చివ్వమన్నానమ్మా నేను. ఎన్నిసార్లో అడిగాను. చెయ్యి ఆడనివాణ్ణి, కాలు ఆడనివాణ్ణి, ఏం చెయ్యను? ఇవ్వలేదు."

"ఇస్తే ఏమయ్యేది నార్మన్? ఫిర్యాదు చేశామంటే అది రాసివ్వాలి. రాసిస్తే ఈ కొంప ఎవడు కొంటాడు? పక్కింట్లో ఇలాంటిది జరుగుతోందంటే కుక్క కూడా రాదు! నీకోసమే కదా ఇదంతా!"

"నాకోసమని అనకు. నా పేరు దానికి తగిలించకు."

"ఎవరికోసం మరి? నిన్ను ఎత్తలేక నా నడుం విరిగింది. కుర్చీలోనే ఒంటేలు పోసుకుంటే తుడిచేది ఎవరు? ఊళ్ళో అందరికీ తెలుసు! పాలవాడికి తెలుసు, చర్చిలో పువ్వులు సర్దే ఆవిడకి తెలుసు. ఒక్కళ్ళన్నా నోరెత్తారా? అందరూ మంచివాళ్ళు, నేనొక్కదాన్నే రాక్షసినా?"

"అమ్మ ఎప్పుడు తట్టేది?"

"రోజూనమ్మా. పొద్దున ఎక్కువ. తట్టి కాసేపు ఆగేది, ఎవరన్నా పలుకుతారేమోనని ఆగినట్టు. మళ్ళీ తట్టేది. పైన పడుకోలేక బీరువా అడ్డం పెట్టింది బెరిల్. అయినా నాకు వినపడేది. కుర్చీ ఆ గోడకేగా ఆనుకుని ఉంది."

"నువ్వు తిరిగి తట్టొచ్చుగా మరి? నీకో చెయ్యి బాగానే ఉందిగా! నన్నంటున్నావు!"

"తట్టలేదు. తట్టాల్సింది. తట్టలేదు."

"నేను ఇప్పుడు రెండుసార్లు తట్టాను, నార్మన్ గారూ. జవాబు రాలేదు. ఎప్పుడు ఆగింది?"

"గురువారం."

"గురువారం ఏమైంది?"

"నార్మన్, నీకు దణ్ణం పెడతాను."

"ఏమైంది?"

"నువ్వు చెప్తావా బెరిల్, నన్ను చెప్పమంటావా?"

"ఏముంది చెప్పడానికి! నేనేం చెయ్యరాని పని చేశానని! మర్యాదగా అడిగాను. ఇరుగుపొరుగువాళ్ళు ఒకరినొకరు అడిగేదే."

"అన్నయ్య బండి కూడా లేదు. వచ్చేటప్పుడు చూశాను."

"గురువారం సాయంత్రం వెళ్ళిందమ్మా. మళ్ళీ రాలేదు. చప్పుడు నాకు తెలుసు, ఆ బండిది."

"ఫోన్ ఇవ్వండి. ఇటివ్వండి!"

"అక్కడ, వంటింటి బల్లమీద, రొట్టె పక్కన... ఉండు, తీసుకునే ముందు ఒక్కమాట. నేను చెడ్డదాన్ని కాను జూడిత్."

"అన్నయ్యని ఏమడిగారు?"

"ప్లమ్ జామ్ ఒక సీసా పట్టుకెళ్ళాను. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? గుమ్మంలోనే నిలబడ్డాను."

"ఏమడిగారు?"

"'శనివారం మా ఇల్లు చూడ్డానికి మనుషులొస్తున్నారు బాబూ, ఆ ఒక్కపూట చప్పుడు కాకుండా కాస్త చూడు' అన్నాను. అంతే, అంతకంటే ఒక్క మాట అనలేదు. నవ్వాడు. జామ్ తీసుకున్నాడు. 'బెంగపెట్టుకోకండి బెరిల్ గారూ, ఇక చప్పుడుండదు' అన్నాడు."